తెల్లటి పొగకు ముందు ఏం జరుగుతుంది? ఆర్గాన్ మంచులో అణువులను పట్టి చూసే పద్ధతి

అమ్మోనియా సీసా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా పక్కపక్కన పెట్టి మూతలు తీస్తే, రెండు ఆవిర్లూ కలిసిన చోట తెల్లటి పొగ లేస్తుంది. బడి ప్రయోగశాలలో ఒక్కసారి చూసినవాళ్లు కూడా దాన్ని మరిచిపోరు. ఆ పొగంతా అమ్మోనియం క్లోరైడ్ ఉప్పు రేణువులే. పుస్తకంలో సమీకరణం ఒక్క వరుసలో అయిపోతుంది. కానీ ఆ బాణం గుర్తు దగ్గర అసలు ఏం జరిగింది? ఒకే ఒక్క అమ్మోనియా అణువుకు ఒకే ఒక్క హైడ్రోజన్ క్లోరైడ్ అణువు ఎదురుపడితే, హైడ్రోజన్ వెంటనే అమ్మోనియా పక్షానికి వెళ్లిపోతుందా? లేక క్లోరిన్ దగ్గరే ఉండి అటువైపు కాస్త మొగ్గుతుందా? పొగను ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. కంటికి కనపడేసరికే అందులో కోటానుకోట్ల జతలు స్ఫటికాలుగా మారిపోయి ఉంటాయి.

ఆ ఒక్క జతను విడిగా పట్టి నిలబెట్టి చూడటానికి రసాయన శాస్త్రవేత్తలు వాడే పద్ధతుల్లో ఒకదాని పేరు మ్యాట్రిక్స్ ఐసోలేషన్ పరారుణ వర్ణపటశాస్త్రం. పేరు నోరు తిరగనిదే గానీ లోపలి ఆలోచన సులువైనది. మనకు కావలసిన అణువులను కొద్దిగా తీసుకుని, వెయ్యి రెట్లు ఆర్గాన్ లాంటి జడవాయువుతో కలిపి, సున్నాకు 261 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉన్న పలక మీదికి వదలాలి. ఆర్గాన్ గడ్డకడుతుంది. అందులో అణువులు ఒక్కొక్కటిగా, అక్కడక్కడ జతలుగా ఇరుక్కుపోతాయి. ఆ గడ్డ గుండా పరారుణ కాంతిని పంపి, ఏ రంగు పరారుణాన్ని అవి మింగాయో చూడాలి. ఆర్గాన్ గడ్డే ఇక్కడ ‘మ్యాట్రిక్స్’, అణువులను ఒకదానికొకటి అందకుండా ఉంచడమే ‘ఐసోలేషన్’.

వినగానే రెండు సందేహాలు వస్తాయి. అంత చలిలో అన్నీ ఆగిపోతాయి కదా, ఇక చర్యలను చూసేదేముంది? ఆర్గాన్ పంజరంలో ఉన్న అణువు నిజంగా ఒంటరిదేనా? మొదటిదానికి ఇప్పుడు గట్టి జవాబులున్నాయి. రెండోది ఇప్పటికీ రసాయన శాస్త్రవేత్తలను ఆలోచనలో పడేస్తుంది, నా దృష్టిలో ఈ పద్ధతికి ప్రాణం లాంటి ప్రశ్న అదే.

పరారుణం అణువు గురించి ఏం చెబుతుంది

అణువులోని బంధాలు కర్రల్లా బిగుసుకుని ఉండవు. స్ప్రింగుల్లా సాగుతూ, ముడుచుకుంటూ, వంగుతూ ఉంటాయి. ప్రతి కదలికకూ తనదైన లయ ఉంటుంది. ఆ లయకు సరిపోయే పరారుణ కాంతి తగిలితే అణువు దాన్ని మింగేస్తుంది. మింగిన చోటును తరంగ సంఖ్యలో చెబుతారు, అంటే ఒక సెంటీమీటరు పొడవులో ఎన్ని తరంగాలు పడతాయో ఆ లెక్క. ఈ వ్యాసంలో అంకెలన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి.

హైడ్రోజన్ క్లోరైడ్ ఆవిరి 2886 దగ్గర మింగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఆవిరికి ఆ చోటు 2143. బంధం గట్టిగా ఉండి, చివరన ఉన్న పరమాణువులు తేలికవైతే అంకె పెరుగుతుంది. బంధం వదులైతే, పరమాణువు బరువైతే తగ్గుతుంది. కింద వచ్చే ఉదాహరణలన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నిలబడతాయి.

మరి మామూలు ఆవిరిలోనో ద్రవంలోనో చూడొచ్చు కదా? చూడొచ్చు, కానీ గజిబిజిగా ఉంటుంది. ఆవిరిలో అణువులు గిరగిరా తిరుగుతాయి. గది ఉష్ణోగ్రతలో కార్బన్ మోనాక్సైడ్ వర్ణపటం ఒక్క గీతగా ఉండదు, 2143కి అటూ ఇటూ దువ్వెన పళ్లలా పదుల గీతలు పరుచుకుంటాయి. ద్రవంలో ఇరుగుపొరుగు అణువులు ఎప్పుడూ తోసుకుంటూ ఉంటాయి కాబట్టి గీతలు కరిగి గుట్టల్లా వెడల్పవుతాయి. ఆర్గాన్ గడ్డలో ఈ రెండు బెడదలూ తగ్గుతాయి. అదే కార్బన్ మోనాక్సైడ్ 2138 దాటాక సన్నటి పట్టీగా నిలుస్తుంది. పట్టీలు ఇంత సన్నగా ఉంటేనే, పక్కన ఏదో అణువు చేరి రెండు మూడు అంకెల మేర లయను మార్చినా అది విడిగా కనిపిస్తుంది.

ప్రయోగశాలలో పని ఎలా నడుస్తుంది

ఈ పద్ధతిని 1954లో అమెరికాలోని బర్కిలీలో ఎరిక్ విటిల్, డేవిడ్ డౌస్, జార్జ్ పిమెంటెల్ ప్రతిపాదించారు. అదే ఏడాది కేంబ్రిడ్జిలో నార్మన్, పోర్టర్ ఇలాంటి ఆలోచనతోనే, గాజులా గడ్డకట్టే ద్రావణుల్లో అస్థిర ముక్కలను పట్టి ఉంచారు. పిమెంటెల్ తర్వాతి కాలంలో 1969లో అంగారకుడి పక్కనుంచి వెళ్లిన మారినర్ 6, 7 నౌకలకు పరారుణ వర్ణపటమాపకం తయారుచేయించాడు. పరారుణం మీద ఆయనకున్న మక్కువ అలాంటిది.

పరికరం నడిబొడ్డున ఒక చిన్న పలక ఉంటుంది. గాజు పరారుణాన్ని మింగేస్తుంది గనక పొటాషియం బ్రోమైడ్, సీజియం అయోడైడ్ లాంటి ఉప్పుల స్ఫటికాన్ని పలకగా వాడతారు. హీలియంతో నడిచే శీతల యంత్రం ఆ పలకను 10, 12 కెల్విన్‌ల దాకా చల్లబరుస్తుంది (పైన చెప్పిన 261 డిగ్రీల దిగువ అంటే 12 కెల్విన్). చుట్టూ శూన్యం ఉండాలి, వాతావరణ పీడనంలో వంద కోట్లలో ఒక వంతు కన్నా తక్కువగా. లేకపోతే గాలిలోని తేమ, నైట్రోజన్ ముందే వచ్చి పలక మీద పేరుకుంటాయి. తర్వాత సన్నటి గొట్టం గుండా వాయు మిశ్రమాన్ని గంటల తరబడి మెల్లగా వదులుతారు. త్వరపడి ఎక్కువ వదిలితే పలక వేడెక్కి, అణువులు ఇరుక్కోకముందే ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. పొర కాస్త మందంగా పెరిగాక వర్ణపటం తీస్తారు.

తర్వాతి అడుగు ఆనీలింగ్. పలకను 30, 35 కెల్విన్‌ల దాకా వేడిచేసి, కొద్ది నిమిషాలు ఉంచి, మళ్లీ చల్లార్చి, మళ్లీ వర్ణపటం తీయడం. ఆర్గాన్ కరిగేది 84 కెల్విన్ దగ్గర. అందులో మూడో వంతు దాటగానే గడ్డ కాస్త మెత్తబడి, చిన్న అణువులు పాకడం మొదలుపెడతాయి. 40 కెల్విన్ దాటిస్తే ఆ శూన్యంలో ఆర్గాన్ పొర ఆవిరైపోతుంది. ఆడుకోవడానికి ఉన్న చోటు ఆ ఇరవై పాతిక డిగ్రీలే.

వెయ్యికి ఒకటి ఎందుకు: ఒక చిన్న లెక్క

గడ్డకట్టిన ఆర్గాన్‌లో ప్రతి పరమాణువుకూ 12 మంది పొరుగువాళ్లు. మన అణువు ఒక ఆర్గాన్ చోటును ఆక్రమించిందనుకుందాం. మిశ్రమం 1000కి 1 అయితే, ఒక్కో పొరుగు చోటులో మన రకం అణువు లేకపోవడానికి అవకాశం 0.999. పన్నెండు చోట్లలోనూ లేకపోవడానికి 0.999ని పన్నెండుసార్లు గుణిస్తే 0.988 వస్తుంది. అంటే దాదాపు 99 శాతం అణువులు ఒంటరివి, 1.2 శాతానికి మాత్రమే పక్కనే తోడు ఉంటుంది. అదే 100కి 1 కలిపితే తోడున్నవాటి వాటా 11 శాతం దాటిపోతుంది.

ఇది కళ్లు మూసుకుని చల్లితే వచ్చే లెక్క. నిజంగా పలక మీద వాలిన అణువు స్థిరపడేలోపు పైపొర మీద కొంత జారుతుంది. ఒకదానినొకటి ఆకర్షించుకునే రకమైతే జతలు ఇంతకన్నా ఎక్కువే ఉంటాయి. అందుకే ఒకే ప్రయోగాన్ని వేర్వేరు పాళ్లతో మళ్లీ మళ్లీ చేస్తారు. ఒంటరి అణువు పట్టీ గాఢతతో నేరుగా పెరుగుతుంది. జత పట్టీ గాఢత వర్గంతో, అంటే గాఢత రెట్టింపైతే దాదాపు నాలుగు రెట్లు పెరుగుతుంది. ఏ పట్టీ ఎవరిదో చెప్పే తొలి సాక్ష్యం ఇదే.

నీటి జత: కాంప్లెక్స్ అంటే ఏమిటి

రెండు అణువులు కొత్త రసాయన బంధం ఏర్పరచుకోకుండా, ఒకదాని పక్కన ఒకటి బలహీనంగా అతుక్కుని ఉంటే దాన్ని కాంప్లెక్స్ అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో సంశ్లిష్టం. వీటిని కలిపి ఉంచేది ఎక్కువగా హైడ్రోజన్ బంధం. రెండు నీటి అణువులను విడదీయడానికి మోల్‌కు సుమారు 13 కిలోజౌళ్లు చాలు. గదిలో ఉష్ణ చలనం స్థాయి మోల్‌కు 2.5 కిలోజౌళ్లు, దానికి తోడు విడిపోయి తిరిగే స్వేచ్ఛ కూడా అణువులకు ఉంటుంది. అందుకే ఆవిరిలో జతలు అరుదు. 12 కెల్విన్ దగ్గర ఆ స్థాయి 0.1 కిలోజౌలు. ఒకసారి అతుక్కున్న జతను విడగొట్టే శక్తి అక్కడ లేదు.

గడ్డకట్టిన నైట్రోజన్‌లో నీటి జతలను 1957లో వాన్ థీల్, బెకర్, పిమెంటెల్ గుర్తించారు. ఆర్గాన్‌లో ఏం కనపడుతుందో చూద్దాం. ఒంటరి నీటి అణువులో రెండు ఓ-హెచ్ బంధాలూ కలిసి సాగే లయ 3638 దగ్గర ఉంటుంది. జతలో ఒక అణువు తన హైడ్రోజన్‌ను రెండోదానికి అందిస్తుంది. ఆ ఓ-హెచ్ బంధం కాస్త వదులై, దాని పట్టీ 3574కి జారుతుంది. 64 అంకెల జరుగుదల, వర్ణపటంలో కొట్టొచ్చినట్టు కనిపించేంత దూరం.

కొత్తవాళ్లను బాగా తికమకపెట్టే విషయం ఒకటుంది. నీరు ఆర్గాన్‌లో ఇరుక్కున్నా తిరగడం మానదు. పంజరం దానికి సరిపోయేంత గుండ్రంగా ఉండటంతో లోపలే గిరికీలు కొడుతుంది. అందుకే వంపు కదలిక దగ్గర 1590 ప్రాంతంలో ఒకటే పట్టీ ఉంటుందనుకుంటే, 1608, 1624 దగ్గర కూడా గీతలు కనబడతాయి. అవి జతలవని పొరబడటం చాలా తేలిక. గడ్డకట్టిన నైట్రోజన్‌లో అదే నీరు తిరగలేదు, ఆ అదనపు గీతలూ ఉండవు. పంజరాన్ని మార్చి చూడటం ఎంత అవసరమో ఈ ఒక్క ఉదాహరణే చెబుతుంది.

నీటితో ఇంకో చిక్కుంది. ఎంత జాగ్రత్త పడినా గొట్టాల గోడలకు అంటుకున్న తేమ కొంత వచ్చి చేరుతూనే ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను మాత్రమే ఆర్గాన్‌లో వదిలి చూసినవాళ్లకు 2138 పక్కన 2149 దగ్గర ఇంకో పట్టీ కనపడేది. అది నీరు, కార్బన్ మోనాక్సైడ్ కలిసిన కాంప్లెక్స్‌ది. పిలవకుండా వచ్చిన అతిథి పట్టీ అన్నమాట.

అందుకే రెండు పదార్థాల కాంప్లెక్స్‌ను చూశామని చెప్పాలంటే చాలా సాక్ష్యం కావాలి. మొదటిదాన్ని ఒంటరిగా, రెండోదాన్ని ఒంటరిగా చూసిన వర్ణపటాల్లో ఆ పట్టీ ఉండకూడదు, కలిపినప్పుడే రావాలి. రెండింటిలో దేని గాఢత పెంచినా పెరగాలి. ఆనీలింగ్ చేస్తే ఒంటరి పట్టీలు తగ్గుతూ ఇది పెరగాలి. ఐసోటోప్ (అదే మూలకంలో బరువు వేరైన పరమాణువు) మారిస్తే పట్టీ లెక్క ప్రకారం పక్కకు జరగాలి. చివరగా, క్వాంటమ్ సూత్రాలతో అణువు ఆకారాన్ని, లయలను లెక్కగట్టే గణనలో వచ్చిన నిర్మాణం అదే జరుగుదలను చూపించాలి. గణనలో వచ్చే తరంగ సంఖ్యలు మామూలుగా కొన్ని శాతం ఎక్కువగానే ఉంటాయి, కాబట్టి అంకెకు అంకె సరిపోలాలని ఎవరూ అడగరు. ఒంటరి అణువు నుంచి ఎటువైపు, ఎంత జరిగిందన్నదే చూస్తారు.

చలిలో చర్యలు ఎలా జరుగుతాయి

చర్యను అధ్యయనం చేయడానికి దారులు చాలానే ఉన్నాయి. గడ్డకట్టాక అతినీలలోహిత కాంతితో అణువును విరగ్గొట్టి ముక్కలను అక్కడే చూడొచ్చు. ఎర్రగా కాలిన గొట్టం గుండా పంపి విరిగిన ముక్కలను వెంటనే చల్లని పలక మీద పట్టొచ్చు. లేజర్ దెబ్బతో లోహం నుంచి పరమాణువులను లేపి, ఆక్సిజన్ కలిపిన ఆర్గాన్‌తో పాటు గడ్డకట్టించొచ్చు. రెండు వాయువులే చాలనుకుంటే గొట్టాల అమరికలోనే తేడా చేస్తారు. రెండు వేర్వేరు నాజిళ్ల నుంచి వచ్చి పలక మీదే కలిస్తే చర్య మొదలయ్యేలోపే గడ్డకడుతుంది, తొలి జత దొరుకుతుంది. అవే రెండు ముందుగా ఒక పొడవాటి గొట్టంలో కలిసి వస్తే దారిలో చర్య కొంత ముందుకు నడుస్తుంది, తర్వాతి ఉత్పన్నాలు దొరుకుతాయి. గొట్టం పొడవును, వేడిని మారుస్తూ పోతే చర్యలోని అంచెలను ఒకదాని తర్వాత ఒకటి చూడొచ్చు.

దగ్గరగా చూడటానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆర్గాన్ దేనితోనూ కలవదని మనమంతా చదువుకున్నాం. 2000లో హెల్సింకీలో మార్కు రాసానెన్ బృందం హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను ఆర్గాన్‌లో 7.5 కెల్విన్ దగ్గర గడ్డకట్టించి, అతినీలలోహిత కాంతితో హైడ్రోజన్, ఫ్లోరిన్ పరమాణువులుగా విడగొట్టింది. తర్వాత కొంచెం వేడి తగిలించగానే వర్ణపటంలో కొత్త పట్టీలు లేచాయి, వాటిలో ఒకటి 1969.5 దగ్గర. హైడ్రోజన్, ఆర్గాన్, ఫ్లోరిన్ ఒకే వరుసలో బంధం కట్టుకున్న అణువు అదని వాళ్లు చెప్పారు. ఇదే బృందం 1995 నుంచే జినాన్, క్రిప్టాన్‌లతో ఇలాంటివి చూపిస్తూ వచ్చింది.

ఆ పట్టీ ఆర్గాన్, హైడ్రోజన్ బంధానిదే అని ఎలా నమ్మాలి? లెక్క వేద్దాం. స్ప్రింగ్ లయ రెండు చివరల బరువుల మీద, ఖచ్చితంగా చెప్పాలంటే వాటి క్షయీకృత ద్రవ్యరాశి (రెండు బరువుల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగించగా వచ్చేది) వర్గమూలం మీద ఆధారపడుతుంది. హైడ్రోజన్ 1, ఆర్గాన్ 40 అయితే ఆ ద్రవ్యరాశి 40ని 41తో భాగించగా వచ్చేది, అంటే 0.976. హైడ్రోజన్ బదులు దానికన్నా రెట్టింపు బరువున్న డ్యుటీరియం పెడితే 80ని 42తో భాగించాలి, 1.905. రెంటి నిష్పత్తికి వర్గమూలం దాదాపు 1.40. డ్యుటీరియంతో చేసినప్పుడు పట్టీ 1466.3 దగ్గర వచ్చింది. 1969.5ని దానితో భాగిస్తే 1.34. అసలు బంధం అచ్చమైన స్ప్రింగ్ కాదు గనక ఈ మాత్రం తేడా ఎప్పుడూ ఉంటుంది. కదులుతున్నది హైడ్రోజనే అని దీనితో తేలింది.

కానీ అవతలి చివర ఉన్నది ఆర్గానే అని మాత్రం తేలలేదు. ఫ్లోరిన్ ఉన్నా నిష్పత్తి ఇంచుమించు అంతే వస్తుంది. అందుకే ఆర్గాన్ 40 బదులు ఆర్గాన్ 36తో గడ్డ కట్టించి మళ్లీ చేశారు. పై లెక్కలోనే 40 బదులు 36 పెడితే పట్టీ 2 నుంచి 3 అంకెల మేర పైకి జరగాలి. అలాంటి సూక్ష్మమైన జరుగుదలే కనిపించింది. మామూలుగా పంజరంగా మాత్రమే ఉండాల్సిన ఆర్గాన్ ఇక్కడ అణువులో భాగమైపోయిందని దాంతో రుజువైంది. రెండు మూడు అంకెల తేడాను నమ్మగలిగేంత సన్నటి పట్టీలు లేకపోతే ఈ వాదనే లేదు.

లోహ ఆక్సైడ్లలోనూ ఐసోటోప్ ఇలాగే మాట్లాడుతుంది. మామూలు ఆక్సిజన్ 16, బరువైన ఆక్సిజన్ 18 పరమాణువులు బాగా కలగలిసిన మిశ్రమం వాడినప్పుడు ఒక పట్టీ మూడుగా చీలి, మధ్యది పక్కవాటికి రెట్టింపు బలంగా ఉంటే, ఆ అణువులో సమానమైన స్థానాల్లో రెండు ఆక్సిజన్‌లు ఉన్నాయన్నమాట.

అడ్డు గోడ దాటకుండానే అవతలికి

‘అంత చలిలో చర్య జరగదు కదా’ అనే మొదటి సందేహానికి నాకు బాగా నచ్చిన జవాబు 2008లో వచ్చింది. జర్మనీలోని గీసెన్‌లో పీటర్ ష్రైనర్ బృందం, సహచరులతో కలిసి గ్లైఆక్సిలిక్ ఆమ్లాన్ని వేడితో విరగ్గొట్టి, వచ్చిన ముక్కలను 11 కెల్విన్ దగ్గర ఆర్గాన్‌లో పట్టింది. అందులో హైడ్రాక్సీమిథిలీన్ ఉంది. ఫార్మాల్డిహైడ్‌లో ఉన్న పరమాణువులే దీనిలోనూ ఉంటాయి, ఒక హైడ్రోజన్ మాత్రం కార్బన్ మీద కాకుండా ఆక్సిజన్ మీద కూర్చుని ఉంటుంది. ఆ హైడ్రోజన్ కార్బన్ మీదికి దూకాలంటే దాటాల్సిన శక్తి గోడ మోల్‌కు సుమారు 124 కిలోజౌళ్లు.

11 కెల్విన్ దగ్గర ఉష్ణంతో ఆ గోడ ఎక్కే అవకాశం ఎంత? 124 కిలోజౌళ్లను వాయు స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధంతో భాగిస్తే 1356 వస్తుంది. అంటే అవకాశం, ఒకటి వేసి దాని తర్వాత దాదాపు 589 సున్నాలు పెట్టిన సంఖ్యలో ఒక వంతు. అణువు సెకనుకు పది లక్షల కోట్ల సార్లు ప్రయత్నించినా ఆ సున్నాల్లో తగ్గేవి పదమూడే. విశ్వం వయసును సెకన్లలో రాస్తే పట్టుమని పద్దెనిమిది అంకెలు. వేడి లెక్కన ఆ చర్య ఎప్పటికీ జరగకూడదు.

చీకట్లో వదిలేసి చూస్తే హైడ్రాక్సీమిథిలీన్ పట్టీలు తగ్గుతూ పోయాయి, ఫార్మాల్డిహైడ్ పెరిగింది. సగం మాయమవడానికి పట్టిన సమయం రెండు గంటలు. హైడ్రోజన్ గోడ ఎక్కలేదు, గోడలోంచి అవతలికి వెళ్లింది. దీన్నే క్వాంటమ్ టన్నెలింగ్ అంటారు. ఆక్సిజన్ మీది హైడ్రోజన్ స్థానంలో డ్యుటీరియం పెడితే అణువు అలాగే నిలిచిపోయింది. బరువు రెట్టింపు కావడంతోనే ఆ దారి దాదాపుగా మూసుకుపోయింది. గది ఉష్ణోగ్రతలో టన్నెలింగ్ వాటాను వేడి వాటా నుంచి విడదీయడం కష్టం. చలి వేడిని పూర్తిగా తీసేసింది కాబట్టే ఇక్కడ అది ఒంటరిగా కనబడింది.

పొరుగువాడు మోసం చేసిన సందర్భం

ఇక రెండో సందేహం. పంజరంలోని అణువు ఒంటరిదేనా? దీనికి 1970ల నాటి సైక్లోబ్యూటడైన్ ఉదంతం చూడాలి. నాలుగు కార్బన్‌ల వలయం, రెండు ద్విబంధాలు. ఇది చతురస్రమా, దీర్ఘచతురస్రమా అని పెద్ద చర్చ నడిచేది. ఆల్ఫా-పైరోన్ అనే అణువును ఆర్గాన్‌లో కాంతితో విరగ్గొడితే సైక్లోబ్యూటడైన్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. వర్ణపటంలో పట్టీలు తక్కువగా ఉన్నాయి. సౌష్ఠవం ఎక్కువున్న అణువుకు పరారుణ పట్టీలు తక్కువ ఉంటాయి కాబట్టి ఇది చతురస్రమే అన్నారు.

అయితే ఆ పట్టీల్లో 650 ప్రాంతంలోనిది సైక్లోబ్యూటడైన్‌ది కాదని తర్వాత తేలింది. అదే పంజరంలో ఇరుక్కున్న కార్బన్ డయాక్సైడ్ పక్కనున్న వలయానికి అతుక్కోవడంతో దాని వంపు పట్టీ, ఒంటరిగా ఉన్నప్పటి చోటు నుంచి జరిగి అక్కడ కనపడింది. పుట్టిన ముక్క బయటకు పోయే దారి లేదు, తల్లి అణువు విరిగిన చోటే ఇద్దరూ ఉండిపోయారు. 1978లో మసమునె బృందం వేరే పదార్థం నుంచి మొదలుపెట్టి మరిన్ని పట్టీలను గుర్తించి, ఇది చతురస్రం కాదని ప్రకటించింది. దీర్ఘచతురస్రమన్నదే ఈరోజు అందరూ ఒప్పుకునే మాట.

మొదటివాళ్లు నిర్లక్ష్యం చేశారని నేను అనుకోను. అప్పటికి చేతిలో ఉన్న సాక్ష్యంతో అది సబబైన ఊహే. అదే అణువును రెండు మూడు వేర్వేరు తల్లి అణువుల నుంచి తయారుచేసి, ప్రతిసారీ వచ్చే పట్టీలనే నమ్మాలన్న జాగ్రత్త ఎంత అవసరమో మాత్రం ఈ ఉదంతం గట్టిగా చూపించింది.

జడవాయువు నిజంగా జడమేనా

ఇప్పుడు మొదట్లో వదిలేసిన అమ్మోనియా జత దగ్గరికి వద్దాం. ఆల్ట్, పిమెంటెల్ 1973లోనే దీన్ని గడ్డకట్టిన నైట్రోజన్‌లో చూశారు. తర్వాత మరికొందరు వేర్వేరు పంజరాల్లో చూశారు. హైడ్రోజన్ క్లోరైడ్ ఒంటరిగా ఆవిరిలో 2886 దగ్గర ఉంటుందని చెప్పుకున్నాం. అమ్మోనియా పక్కన చేరాక ఆ పట్టీ నియాన్‌లో సుమారు 2080కి, ఆర్గాన్‌లో 1370కి, క్రిప్టాన్‌లో 1220కి జారుతుంది.

ఒకే జత, మూడు జడవాయువులు, మూడు వేర్వేరు జవాబులు. నీటి జతలో మొత్తం జరుగుదలే 64 అంకెలు. ఇక్కడ పంజరం మారితేనే తేడా 700 అంకెలు దాటుతోంది. కార్బన్ మోనాక్సైడ్ లాంటి అణువుకు ఆర్గాన్ అయిదు అంకెల మేర ఇబ్బంది పెట్టింది, అంతే. బలమైన హైడ్రోజన్ బంధం ఉన్నచోట మాత్రం ఆర్గాన్ కథలోకి దిగిపోయింది. కారణం ఊహించదగ్గదే. హైడ్రోజన్ క్లోరిన్ నుంచి నత్రజని వైపు జరిగేకొద్దీ జతలో ధన, రుణ ఆవేశాలు ఎడమవుతాయి. చుట్టూ ఉన్న పరమాణువుల ఎలక్ట్రాన్ మేఘం ఎంత మెత్తగా ఉంటే ఆ ఎడబాటుకు అంత ఆసరా ఇస్తుంది. నియాన్ మేఘం బిగువైనది, క్రిప్టాన్‌ది మెత్తనిది.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దగ్గర అభిప్రాయాలు వేరవుతాయి. కొందరి దృష్టిలో ఇది పద్ధతి లోపం. వాయు స్థితిలోని అసలు జతను తెలుసుకోవాలంటే వీలైనంత బలహీనమైన పంజరం వాడాలి: నియాన్, గడ్డకట్టిన పారా-హైడ్రోజన్ (హైడ్రోజన్ అణువుల్లో ఒక రకం), లేదంటే 0.37 కెల్విన్ దగ్గర ఉండే హీలియం బిందువులు. హీలియం బిందువుల్లో చేసిన పనిలో మంచి ఫలితాలే వచ్చాయి. 2000లో నౌటా, మిల్లర్ ఆరు నీటి అణువులు వలయంగా కూర్చున్న రూపాన్ని అందులోనే చూశారు. వాయువును చిన్న రంధ్రం గుండా శూన్యంలోకి వదిలి చల్లార్చే సూపర్‌సోనిక్ జెట్ పద్ధతిలో అయితే పంజరమే ఉండదు.

ఇంకొందరు పంజరం ప్రభావాన్నే సమాచారంగా తీసుకోవాలంటారు. అసలు రసాయన చర్యల్లో ఎక్కువ భాగం ద్రవాల్లో, ఇరుగుపొరుగు మధ్యే జరుగుతాయి. నియాన్ నుంచి క్రిప్టాన్ దాకా ఒక్కో మెట్టు మారుస్తూ పోతే, హైడ్రోజన్‌ను చేతులు మార్పించేంత ఆసరా ఎక్కడ మొదలవుతుందో చూడొచ్చు. వాయువులో అది కుదరదు, ద్రవంలో అన్నీ కలిసిపోతాయి. ఈ వాదనలో బలం ఉందని నాకనిపిస్తుంది. కాకపోతే ఆర్గాన్‌లో వచ్చిన అంకెను ‘ఒంటరి జత’ అంకెగా రాయడానికి అది అనుమతి ఇవ్వదు. అంకెతో పాటు పంజరం పేరూ రాయాల్సిందే.

ఇంకో చిక్కు కూడా ఉంది. వర్ణపటంలో కనపడిన కాంప్లెక్స్ అన్నిటికన్నా స్థిరమైనదే కానక్కర్లేదు. గదిలోని వేడితో వచ్చిన అణువులు పలక మీద క్షణంలో ఆగిపోతాయి. సర్దుకోవడానికి టైమ్ దొరకనివి ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమలోనే గడ్డకడతాయి. ఆనీలింగ్ చేసినప్పుడు ఒక పట్టీ తగ్గి దాని పక్కనున్నది పెరిగితే, తగ్గింది తక్కువ స్థిరమైనదని ఊహిస్తారు. గణనలో ఇలాంటి నిర్మాణాలు నాలుగైదు వస్తే, వాటిలో రెండో మూడో నిజంగానే గడ్డలో కలిసి ఉండొచ్చు.

మరి తెల్లటి పొగ సంగతేమిటి? ఆవిరిలోని ఒంటరి జతను సూక్ష్మతరంగ వర్ణపటంతో చూసినప్పుడు హైడ్రోజన్ ఇంకా క్లోరిన్ దగ్గరే ఉందని తేలింది. ఒక అమ్మోనియా, ఒక హైడ్రోజన్ క్లోరైడ్ ఎదురుపడితే చాలదన్నమాట, అవి పక్కపక్కన నిలబడి ఊరుకుంటాయి. గణనలు చెప్పేదాని ప్రకారం అలాంటి జతలు రెండు దగ్గరికి వచ్చినప్పుడు హైడ్రోజన్ అమ్మోనియా మీదికి మారి, అయాన్లు ఏర్పడతాయి. అదనపు పొరుగువాళ్లు ఇచ్చే ఆసరాలో కొంత భాగాన్నే ఆర్గాన్, క్రిప్టాన్ పరమాణువులు 12 కెల్విన్ దగ్గర ఇస్తున్నాయి. మూతలు తీసిన రెండు సీసాల మధ్య ఆ ఆసరా రెండో జత నుంచి, మూడో జత నుంచి వస్తుంది, అక్కడి నుంచి ఉప్పు రేణువు పెరగడం మొదలవుతుంది.